అరవై అడుగుల బోచీ కోర్టు: మా పని డైరీ

సెప్టెంబరు 6

నాది రేణిగుంట రోడ్డులో వెల్డింగ్ షాపు. గేట్లు, కిటికీ గ్రిల్లులు, మెట్ల రెయిలింగులు, అప్పుడప్పుడు ట్రాక్టరు ట్రాలీ డోర్లు. ఆటల సంగతి అడిగితే చిన్నప్పుడు ఆడిన గోలీలు, ఆ తర్వాత టీవీలో క్రికెట్టు, అంతకుమించి నాకేమీ తెలియదు. అయినా ఈ డైరీ మొదలుపెట్టానంటే మా వదిన కొడుకు వల్లే. వాడికి 19 ఏళ్ళు, డౌన్ సిండ్రోమ్. చంద్రగిరి దారిలో బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల బడి ఒకటుంది, రోజూ ఆటోలో పోయి వస్తాడు. నిన్న ఆటో రాలేదని నేనే దించడానికి పోతే అక్కడి మేడమ్ పట్టుకున్నారు. "సార్, డిసెంబరులో స్పెషల్ ఒలింపిక్స్ జిల్లా పోటీలుండాయి. పరుగుకు ముగ్గురు దొరికినారు. మిగతా ఆరుగురిని పోయినసారి కూడా చప్పట్లు కొట్టేదానికే తీసుకుపోయినా. ఈసారి బోచీ ఆడిద్దామని ఉండాది. కోర్టు చేసిస్తారా?"

బోచీ అంటే ఏమిటో తెలియకుండానే చేసిస్తానన్నాను. రాత్రి వీడియోలు చూశాను. ముందు ఒక చిన్న బంతిని విసురుతారు, దాన్ని పల్లీనా అంటారట (మావాడు విన్న వెంటనే "పల్లీ" అన్నాడు, ఇక మా కోర్టులో దాని పేరు అదే). తర్వాత రెండు పక్షాలూ తలా నాలుగు పెద్ద బంతులు దొర్లించి దానికి దగ్గరగా చేర్చాలి. ఎవరి బంతి దగ్గరగా ఉంటే వాళ్ళకే పాయింట్లు, అవతలి వాళ్ళ దగ్గరి బంతికన్నా దగ్గరగా మనవి ఎన్నుంటే అన్ని. పక్షాలు రెండే గానీ ఆట మాత్రం మన గోలీలకు చిన్నాయనే.

సెప్టెంబరు 14

కొలతలు: 60 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు. రెండు చివర్ల నుంచీ పదేసి అడుగుల దగ్గర ఒక గీత, అది దాటి కాలు పెట్టి విసరకూడదు. సరిగ్గా మధ్యలో, 30 అడుగుల దగ్గర ఇంకో గీత, పల్లీ కనీసం అది దాటి పడాలి. చుట్టూ బంతి బయటికి పోకుండా పలకలు.

బడి వెనక జాగా ఉంది, కానీ అంతా రాళ్ళు, కంప, ఒక పక్క పాత బోరు గుంత. గుంతను ముందు సిమెంటు పలకతో మూసి, దాని మీద నాలుగు రాళ్ళు పెట్టించాను, మిగతా పని ఆ తర్వాతే. రెండాదివారాలు నేనూ, షాపులో కుర్రాడూ, ఇద్దరు తండ్రులూ కలిసి చదును చేశాం. ట్యూబ్ లెవల్ పట్టి చూస్తే ఆ చివరికీ ఈ చివరికీ ఏడంగుళాల వాలు. చూపుకు ఏమీ తెలియదు, బంతి వదిలితే మాత్రం అది మన మాట వినకుండా తన దారిన పోతుంది. మళ్ళీ తవ్వాం.

సెప్టెంబరు 28

పైన పరచడానికి క్వారీ డస్టు, అంటే కంకర కొట్టే క్రషర్ దగ్గర వచ్చే రాతిపొడి. 720 చదరపు అడుగుల మీద రెండంగుళాల మందం అంటే 120 ఘనపుటడుగులు, ఒక యూనిట్ (వంద ఘనపుటడుగులు) చాలదు, కొంచెం ఎక్కువే పడుతుంది. కొండ మీద బ్రహ్మోత్సవాలు, ఊళ్ళో బండ్లు కదలని రోజులు, క్రషర్ నుంచి ట్రాక్టరు రావడానికి నాలుగు రోజులు పట్టింది. తడిపి, రోలరు దొరక్క నీళ్ళు నింపిన ఇనప డ్రమ్మును దొర్లించాం. పిల్లలకు ఈ పని తెగ నచ్చింది. నిజం చెప్పాలంటే బాగా దొర్లించింది ఆరుగురిలో అందరికన్నా పెద్దవాడు, 34 ఏళ్ళ మనిషి, మొత్తం కోర్టు రెండుసార్లు ఒక్కడే తిరిగాడు. ఈ పోటీలకు ఎనిమిదేళ్ళు నిండితే చాలు, పైన వయసు హద్దు లేదు. అది తెలిసి వాళ్ళమ్మ, అరవై దాటిన మనిషి, "అయితే మా వాడు ఇంకా పిల్లోడే అనుకో" అని నవ్వింది.

పలకలకు కొత్త చెక్క కొనలేదు. సెంట్రింగ్ మేస్త్రి ఒకాయన పాత పలకలు ఊరికే ఇచ్చాడు. యాంగ్లరు ముక్కలతో మూలలు బిగించి, బోల్టు తలల మీద పాత సైకిల్ ట్యూబు ముక్కలు తొడిగాను. ఒక పాప చేతికి దొరికిన ప్రతిదాన్నీ నిమిరి చూస్తుంది, అంచులన్నీ రెండుసార్లు గ్రైండరు పట్టాను.

అక్టోబరు 4

పెద్ద పొరపాటు. బంతులు నేనే ఫోన్లో ఆర్డరు పెట్టాను. పెట్టె విప్పితే మెత్తటి తోలు బంతులు, ఎర్రవీ నీలివీ ఆరేసి, తెల్లది ఒకటి. నేలకు కొడితే ధబ్బుమని పడి అక్కడే కూర్చుంటాయి. మేడమ్ చూసి తల పట్టుకున్నారు. ఇది బోచా, మనకు కావాల్సింది బోచీ! బోచా అనేది సెరిబ్రల్ పాల్సీ లాంటివి ఉండి చేతులూ కాళ్ళూ బాగా బిగుసుకుపోయిన వాళ్ళు కుర్చీలో కూర్చుని ఆడే ఆట, పారాలింపిక్స్‌లో ఉంది. ఆ బంతి 275 గ్రాములు. మనది గట్టి బంతి, 900 గ్రాములకు పైమాటే. ఒక్క దీర్ఘం తేడాకు నా డబ్బులు పోయాయి. అమ్మినవాడు వెనక్కి తీసుకోనన్నాడు, పెట్టె విప్పేశారు కదా అని.

అసలు సెట్టు ధర చూసి నోరు మూసుకున్నాను. మంచం కోళ్ళు తిప్పే లేత్ ఆయన దగ్గరికి పోయి తుమ్మ మొద్దుతో ఎనిమిది బంతులు తిప్పించాను, పదకొండు సెంటీమీటర్ల అడ్డకొలతతో. తూకం 560 దగ్గర ఆగింది. తేలికే, కానీ దొర్లుతాయి. నాలుగింటికి ఎర్ర రంగు, నాలుగింటికి పచ్చ వేశాను. పల్లీకి మాత్రం ఒక రబ్బరు బంతి.

అక్టోబరు 11

ఆట మొదలైంది, ఒక్కటీ కుదరలేదు.

పిల్లల పేర్లు ఇక్కడ రాయను, ఇద్దరు తల్లులు వద్దన్నారు. గుర్తుకు నేను పెట్టుకున్న పేర్లే వాడతాను. లెక్కలాయన: ఏది చూసినా లెక్కపెడతాడు, బంతులు కూడా లెక్కపెట్టి ఆఖరి లెక్క తప్పితే మళ్ళీ మొదలు. చప్పట్లాయన: ఎవరి బంతి పడినా చప్పట్లే, తనది పడినా అవతలి వాళ్ళది పడినా. బుట్టమ్మ: దీని కథ కింద రాస్తాను. పెద్దాయన గురించి చెప్పాను. మా వాడు. ఇంకో పాప వారానికి రెండు రోజులే వస్తుంది, ఆ రెండు రోజులూ అందరికన్నా బాగా వేస్తుంది, ఇది న్యాయం కాదని మా వాడి అభిప్రాయం.

నేను చేసిన తప్పు నోరు. "గీత దగ్గర నిలబడు, బంతి రెండు చేతులతో పట్టుకో, కుడి చెయ్యి వెనక్కి తీసుకో, పల్లీని చూస్తా మెల్లగా వదులు" అని ఒక్క గుక్కలో చెప్పేవాణ్ని. నేను ఆగేసరికి వాళ్ళకు "వదులు" మాత్రమే గుర్తుండేది, ఉన్నచోటే కాళ్ళ మీద వదిలేసేవాళ్ళు. మేడమ్ అంతా కత్తిరించి మూడు మాటలకు తెచ్చారు: చూడు, ఊపు, వదులు. ఒక మాట, ఆగడం, ఒక మాట. నా షాపులో కుర్రాడికి పని చెప్పేటప్పుడు కూడా ఇప్పుడు ఇట్లాగే చెప్తున్నాను, వాడు ఎగతాళి చేస్తున్నాడు గానీ కట్టింగ్ తప్పులు తగ్గాయి.

గీత దాటడం ఇంకో తంటా. ముగ్గుపిండి గీత ఎవరూ లెక్కచేయరు. మేడమ్ దాని మీద లావాటి కొబ్బరి తాడు పరిచి, చెప్పులు విప్పించారు. కాలికి తాడు తగలగానే ఆగుతున్నారు. కానీ పోటీలో తాడు ఉండదు కదా అంటే, "తాడు మెల్లమెల్లగా సన్నం చేస్తాం సార్" అన్నారు. రెండు వారాలకు పురికొస, ఆ తర్వాత దారం, ఆ తర్వాత గీత. ఈ సన్నం చేయడం అనే ఆలోచన నాకు భలే నచ్చింది.

అక్టోబరు 19

బుట్టమ్మ. 16 ఏళ్ళుంటాయి. మంచి చెయ్యి, వేసిన బంతి పల్లీకి జానెడు దూరంలో ఆగుతుంది. చిక్కేమిటంటే ఆగీ ఆగకముందే పరుగెత్తుకెళ్ళి బంతి తీసుకొచ్చేస్తుంది. పోటీలో ఇట్లా చేస్తే ఆట అక్కడితో సరి. నేను "వద్దమ్మా, ఉండనీ" అని అరిచాను, మొదట మెల్లగా, తర్వాత గట్టిగా. అది ఏడ్చింది. పల్లీని ఒళ్ళో పెట్టుకుని బోల్టుల పక్కన కూర్చుంది.

సాయంత్రం వాళ్ళమ్మ వచ్చాక తెలిసింది. ఇంట్లో ఏది కింద పడినా వెంటనే తీసి చోటు చూసి పెట్టాలని నాలుగేళ్ళు కూర్చోబెట్టి నేర్పించిందట, ఆమె ఇళ్ళల్లో పనికి పోయేటప్పుడు ఇల్లు చిందరవందర కాకుండా. అంటే ఆ పిల్ల తప్పు చేయడం లేదు, వాళ్ళమ్మ మాట నిలబెడుతోంది, నేనేమో దాని మీద అరిచాను.

మార్కెట్టు నుంచి వెదురు బుట్ట ఒకటి తెచ్చాం. బుట్ట కోర్టు బయట ఉన్నంతసేపూ బంతులు తీయకూడదు, బుట్ట లోపలికి వస్తే తీయాలి, తీసే పని బుట్టమ్మదే. ఎనిమిది బంతులూ పడ్డాక మేడమ్ బుట్ట లోపల పెడతారు. మొదటి రోజు మూడుసార్లు పరుగెత్తింది, రెండో రోజు ఒక్కసారి, మూడో రోజు గీత దగ్గరే నిలబడి బుట్టను చూస్తూ ఉంది. పల్లీని కాదు, బుట్టను. పోనీలే, అదీ ఒక దారే.

అక్టోబరు 26

తల్లిదండ్రుల మీటింగు. పేపర్ల పని విసుగు పుట్టించింది. సదరం సర్టిఫికెట్లు (వైకల్యం ఎంతో చెప్పేవి), యూడీఐడీ కార్డులు (వైకల్యం ఉన్నవాళ్ళ గుర్తింపు కార్డులు), ఫిట్‌నెస్ సర్టిఫికెట్లు. పెద్దాయన సర్టిఫికెట్ గడువు తీరిపోయి ఒక పెద్దాసుపత్రి చుట్టూ మూడుసార్లు తిరిగారు తల్లీకొడుకులు, స్లాటు లేదని రెండుసార్లు వెనక్కి పంపారు. ఆమె వయసుకు అది తగని పని.

మా వాడి విషయంలో డాక్టరు మెడ చూడాలన్నారు. డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్ళలో కొందరికి మెడ పైన రెండు ఎముకల మధ్య పట్టు సడలుగా ఉంటుంది, దెబ్బ తగిలితే వెన్నుపాముకు ప్రమాదం. పిల్లిమొగ్గలు, హైజంపు, ఈతలో తలకిందులుగా దూకడం లాంటివి ఉన్న ఆటలకు ముందు తప్పకుండా చూపించుకోవాలి. బోచీలో ఆ భయం తక్కువే, అయినా ఎక్స్‌రే తీయించాం, బాగానే ఉందన్నారు. 19 ఏళ్ళొచ్చినా ఈ సంగతి ఇంతవరకూ మాకెవరూ చెప్పలేదు, వీడు చిన్నప్పుడు పక్కింటి పిల్లలతో కలిసి ఎన్ని మొగ్గలేశాడో!

ఒకాయన, ఆటో నడుపుతారు, అడిగారు: "దీప్తి జీవాంజి లాగా మా వాడు పారాలింపిక్స్‌కు పోతాడా?" వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి, 2024 పారిస్‌లో 400 మీటర్లు 55.82 సెకన్లలో పరుగెత్తి కంచు పతకం తెచ్చింది. ఆ వీడియో మేడమ్ ఫోన్లో అందరూ చూశాం, చప్పట్లాయన నాలుగుసార్లు చూశాడు. కానీ అది వేరే దారి. పారాలింపిక్స్‌లో మేధో వైకల్యం ఉన్నవాళ్ళకు పరుగులూ విసుర్లూ, ఈత, టేబుల్ టెన్నిస్ ఇవే ఉన్నాయి. అదీ మధ్యలో పోయింది. 2000 సిడ్నీలో స్పెయిన్ బాస్కెట్‌బాల్ జట్టు బంగారు పతకం గెలిచింది, పన్నెండుమందిలో పదిమందికి అసలు వైకల్యమే లేదని ఆ తర్వాత బయటపడింది. వాళ్ళు చేసిన దానికి అసలువాళ్ళంతా 2012 లండన్ దాకా బయటే ఉండిపోయారు. మేమాడేది స్పెషల్ ఒలింపిక్స్ పద్ధతి, మేధో వైకల్యం ఉన్నవాళ్ళ కోసమే పెట్టింది. యూనిస్ కెన్నెడీ ష్రైవర్ అనే ఆవిడ 1962లో తన ఇంటి పెరట్లో శిబిరం పెట్టి మొదలుపెట్టింది, 1968లో షికాగోలో మొదటి పోటీలు జరిగాయి. పెరట్లో అనేసరికి మా రాళ్ళ జాగా గుర్తొచ్చి అందరం నవ్వుకున్నాం.

ఇక్కడ అందరినీ ఒక్కచోట తోలి పందెం పెట్టరు. ముందు ప్రాథమిక ఆటలు ఆడించి, వయసు, ఆడా మగా, ఆట స్థాయి చూసి దగ్గరదగ్గరి వాళ్ళను ఒక డివిజన్‌గా కడతారు, ముగ్గురి నుంచి ఎనిమిది మంది దాకా. అది వినగానే నా బుర్రలో పురుగు తొలిచింది. ప్రాథమిక ఆటలో కొంచెం తక్కువ వేయిస్తే తేలిక డివిజన్‌లో పడతారు కదా! బయటికే అనేశాను. మేడమ్ నా వైపు చూసి, "పూర్తిగా ఆడకుండా తక్కువ చూపిస్తే ఆట నుంచే తీసేస్తారు సార్. అయినా మూడు నెలలు దగ్గరగా వెయ్యి, దగ్గరగా వెయ్యి అని నేర్పి, ఆ రోజు పొద్దున మాత్రం దూరంగా వెయ్యమని చెప్తారా? ఏ మూడు మాటల్లో చెప్తారు?" అన్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు. నిజానికి చెప్పినా చప్పట్లాయన రెఫరీ దగ్గరికే పోయి "సార్ తక్కువ వెయ్యమన్నాడు" అని చెప్పి చప్పట్లు కొట్టేవాడు.

నవంబరు 9

వాన. మనకు వానలు వచ్చేదే ఇప్పుడు కదా, ఆ సంగతి సెప్టెంబరులో కోర్టు మట్టం పట్టేటప్పుడు నాకు తట్టలేదు. నీటిమట్టంగా చేశానని మురిసిపోయాను, ఇప్పుడు నీళ్ళు ఎటూ పోకుండా కోర్టంతా నిలబడ్డాయి. కప్పలు ఆడుకుంటున్నాయి. పలకల కింద మూడుచోట్ల కన్నాలు పెట్టి, పక్కన కాలువ తవ్వాను. డస్టు ఒక మూల కొట్టుకుపోయింది. సెంట్రింగ్ పలకలు నాని ఉబ్బి, ఉత్తరం పక్కది వంగింది.

ఆట మాత్రం ఆగలేదు. వరండా ఉంది, గచ్చు నేల. చెక్క బంతులు అక్కడ గోడలు పగలగొడతాయి. అప్పుడు గుర్తొచ్చాయి ఆ తోలు బంతులు! నెల రోజులుగా నన్ను వెక్కిరిస్తూ పెట్టెలో ఉన్నవి. మెత్తనివి, దొర్లి దూరం పోవు, కాళ్ళ మీద పడినా దెబ్బ తగలదు. పైగా వాటితో సరిగ్గా గురి చూడకపోతే పల్లీ దరిదాపులకు కూడా పోవు, కాబట్టి చెయ్యి ఊపడం అందరికీ మెరుగుపడింది. ఎర్రా నీలం కలగలిసిపోతున్నాయని మా వాడికి నీలివే ఇచ్చి, నీలి రిబ్బను చేతికి కట్టాం. లెక్కలాయనకు కొలత పని అప్పగించాం: రెండు బంతుల్లో ఏది దగ్గరో చెప్పడానికి వెదురు పుల్ల. ఒకసారి నేను ఎర్రది దగ్గరన్నాను, తను పుల్ల పెట్టి కాదన్నాడు. తనదే కరెక్టు.

నవంబరు 25

పంచమీ తీర్థం. ఊరంతా తిరుచానూరులోనే ఉంది, బడి సెలవు. నేను వంగిన పలక తీసి బాగు చేశాను. చిత్తూరు వైపు ఇంకో బడి వాళ్ళు అసలైన బోచీ సెట్టు పోటీ అయ్యేదాకా అరువిచ్చారు. పట్టుకోగానే పెద్దాయన "బరువు" అన్నాడు. ఆరు వారాల్లో ఆయన నోట నేను విన్న మొదటి మాట అది. మొదటి రెండు రోజులు అందరి బంతులూ సగం దారిలోనే ఆగాయి. మూడో రోజు నుంచి సర్దుకున్నారు. పురికొస తీసేశాం, దారం మాత్రం ఉంది.

డిసెంబరు 5

దారం కూడా తీసేశాం. ఇరవై విసుర్లలో గీత దాటినవి నాలుగు. మా వాడివే మూడు.

డిసెంబరు 13

పోటీ. పొద్దున్నే ఐదింటికి వ్యాను. పులిహోర, బొరుగులు, మజ్జిగ ప్యాకెట్లు, మందుల డబ్బా (ఇద్దరికి ఫిట్స్ మాత్రలు టైముకు పడాలి), వెదురు బుట్ట.

అక్కడ కోర్టు చూసి గుండె జారింది. పచ్చటి మ్యాటు, మా డస్టు కన్నా రెండింతలు జారుడు. ప్రాథమిక ఆటలో మా వాళ్ళ బంతులన్నీ పల్లీని దాటి చివరి పలకకు గుద్దుకున్నాయి. ఆట నడిచేటప్పుడు కోచ్ లోపలికి పోకూడదు, మాట సాయం చేయకూడదు. మేడమ్ బయట కూర్చుని చీర కొంగు నమిలేశారు. టెన్షన్ నాకూ తక్కువేమీ కాదు, మూడు టీలు తాగాను. మూడో ఫ్రేము (ఎనిమిది బంతులూ పడితే ఒక ఫ్రేము) నుంచి ఎవరూ చెప్పకుండానే వారానికి రెండు రోజుల పాప మెల్లగా వేయడం మొదలుపెట్టింది. దాన్ని చూసి పెద్దాయన. వీళ్ళకు ఒకరిని చూసి ఒకరు నేర్చుకోవడం తెలుసని మాకు ముందే తెలిసుంటే ఆ వరస ముందే పెట్టేవాళ్ళం.

మధ్యాహ్నం డివిజన్లు కట్టారు. చప్పట్లాయనా మా వాడూ ఒకే దాంట్లో పడ్డారు. ఒకరితో ఒకరు ఆడాల్సి వచ్చింది, మా వాడు గెలిచాడు, ఓడిన చప్పట్లాయన కొట్టిన చప్పట్లకు పక్క కోర్టులో ఆట ఆగింది. చివరికి మా వాడికి నాలుగో స్థానం, రిబ్బను. నాలుగు నుంచి ఎనిమిది దాకా వచ్చినవాళ్ళకు రిబ్బను ఇస్తారు. "చిన్నాయనా, పల్లీ మెడల్ యాడ?" అని అడిగాడు. లేదురా అంటే కాసేపు మూతి ముడుచుకుని, మజ్జిగ ఇంకోటి ఇస్తే సర్దుకున్నాడు.

బుట్టమ్మ విషయంలో భయపడినంతా జరిగింది. మొదటి ఫ్రేము అయిపోగానే అక్కడి వాలంటీరు కుర్రాడు గబగబా బంతులన్నీ ఏరి పెట్టేశాడు. మా పిల్ల కోర్టు మధ్యలో రాయిలా నిలబడిపోయింది. కదలదు, బంతి అందిస్తే తీసుకోదు. రెఫరీ ఇటు చూశాడు. మేడమ్ లేచి, బయట నుంచే, "ఒక్క బంతి కింద పెట్టండి సార్, తను తీసి ఇస్తుంది" అన్నారు. ఆయన ఒక్క క్షణం ఆలోచించి, ఫ్రేము అయిపోయింది కాబట్టి సరేనన్నాడు. కుర్రాడు ఒక బంతి కింద పెట్టాడు. అది వంగి తీసి వాడి చేతికిచ్చి, గీత దగ్గరికి పోయి నిలబడింది. ఆ తర్వాత ప్రతి ఫ్రేముకూ వాడు ఒక బంతి వదిలేసేవాడు. ఆ కుర్రాడి పేరు అడగడం మర్చిపోయాను. తన డివిజన్‌లో రెండో స్థానం వచ్చింది. లెక్కలాయనకు మూడు. పెద్దాయనకు ఐదు.

డిసెంబరు 15

అరువు సెట్టు తిరిగిచ్చేద్దామని వ్యానులో నుంచి సామాన్లు దించితే బుట్టలో బంతుల కింద బుట్టమ్మ మెడల్ దొరికింది, రిబ్బను చక్కగా చుట్టి పెట్టుంది. వాళ్ళమ్మ నిన్నటి నుంచీ ఇల్లంతా వెతుకుతోందట. ఫోను చేసి చెప్పాను.

మొన్న రాత్రి మళ్ళీ వాన పడింది. కాలువలో తుమ్మాకు అడ్డం పడి దక్షిణం మూల నీళ్ళు నిలిచాయి. ఆదివారం గడ్డపార తీసుకుని పోవాలి. ఈసారి మధ్యలో అరంగుళం ఎత్తు పెట్టి, రెండు పక్కలకూ వాలు ఇస్తే బంతికి తేడా తెలుస్తుందా తెలియదా అనేది ముందు పెద్దాయనతో దొర్లించి చూడాలి.